జాగ్రత్త చోటుకు, స్వేచ్ఛ మనిషికి: మూర్ఛ ఉన్నవారు – ఆట, నడక, వ్యాయామం

(ఖానాపూర్‌లో జరిగిన స్మారకోపన్యాస పాఠం)



బడిలో ఆటస్థలాన్ని తరగతి గదితో సమానంగా చూసిన ఒక గురువు జ్ఞాపకార్థం ఈ సభ ఏర్పాటైంది. ఊరు ఆయనను సొంత పేరుతో కంటే ‘పీఈటీ సారు’ అన్న పిలుపుతోనే ఎక్కువగా ఎరుగును. జట్లు కట్టేటప్పుడు ఏ పిల్లవాడినీ గట్టు మీద కూర్చోబెట్టకూడదన్నది ఆయన పాటించిన నియమమని ఆయన శిష్యులందరూ చెబుతారు. అటువంటి గురువు పేర మాట్లాడే అవకాశం ఒక వైద్యుడికి ఇచ్చినందుకు కుటుంబ సభ్యులకూ శిష్యబృందానికీ కృతజ్ఞుణ్ణి. మన పల్లెల్లో అందరికంటే ఎక్కువ కాలం గట్టు మీద కూర్చున్నవారి గురించి మాట్లాడటమే ఈ సందర్భానికి తగినదని భావించాను. వారు మూర్ఛ ఉన్నవారు. మన వాడుక మాటలో చెప్పాలంటే, ఫిట్స్ వచ్చేవారు.

నేను చెప్పదలచిన ప్రధాన విషయం ఒక్కటే. మూర్ఛ ఉన్న మనిషికి ప్రమాదం కొన్ని చోట్లలో ఉంటుంది: నీటిలో, నిప్పు దగ్గర, ఎత్తు మీద, వాహనం మీద. ఆ చోట్లను గుర్తించి కాపు కాయడం జాగ్రత్త. మన సమాజం ఆ పని వదిలిపెట్టి, చోటుకు బదులు మనిషికే గుర్తు వేసింది. ఆడవద్దన్నది, పరుగెత్తవద్దన్నది, పదిమందిలోకి రావద్దన్నది. ఈ నిషేధం వైద్యం నుంచి పుట్టలేదు. పదిమంది చూస్తుండగా పడిపోతే పరువు పోతుందన్న భయం నుంచి పుట్టింది. కొంతకాలం వైద్యం కూడా ఆ భయానికి తన ముద్ర వేసి ఇచ్చింది. ఇప్పుడు వైద్యం తన మాట మార్చుకుంది. మన ఇళ్ళు, మన బడులు ఇంకా మార్చుకోవలసి ఉంది.

వ్యాధి స్వరూపం

మెదడులోని కణాలు పరస్పరం సన్నని విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఆ సంకేతాలు ఒక్కసారిగా, అదుపు తప్పి, పెద్ద సంఖ్యలో కణాల నుంచి వెలువడినప్పుడు ఫిట్ వస్తుంది. ఒకరు ఒళ్ళు బిగుసుకుని, కాళ్ళు చేతులు కొట్టుకుని పడిపోతారు. ఒకరు కొన్ని క్షణాలు శూన్యంగా చూస్తూ ఉండిపోతారు. ఒకరికి ఒక చెయ్యి మాత్రమే అదురుతుంది. తగిన కారణం ఏదీ ఎదుట లేకుండా ఫిట్స్ మళ్ళీ మళ్ళీ వచ్చే స్వభావం మెదడుకు ఏర్పడితే దానిని మూర్ఛవ్యాధి అంటాం. పుట్టుక సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు గాయం, మెదడువాపు, పక్షవాతం, అపరిశుభ్రమైన ఆహారం ద్వారా చేరే బద్దెపురుగు గుడ్లు, వంశపారంపర్య లక్షణాలు దీనికి కారణాలు కావచ్చు. ఎందరిలోనో కారణం తేలదు. ఇది అంటువ్యాధి కాదు, గాలి సోకడం కాదు, పాపఫలం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ వ్యాధి ఉన్నవారు ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది. వారిలో 80 శాతానికి దగ్గరగా మనవంటి అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో ఉన్నారు. సరిగ్గా గుర్తించి మందు ఇస్తే 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరని అదే సంస్థ చెబుతోంది. మన పొరుగున కర్ణాటకలోని యళందూరు ప్రాంతంలో డాక్టర్ కె.ఎస్. మణి బృందం ఇంటింటి సర్వే చేసినప్పుడు వెయ్యి మందిలో నలుగురైదుగురికి ఈ వ్యాధి కనబడింది. ఫెనోబార్బిటాల్, ఫెనిటాయిన్ అనే రెండు చౌక మందులతోనే పల్లెల్లో మూర్ఛను అదుపు చేయవచ్చునని ఆ బృందం 2001లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో చూపింది. ఆ లెక్కను మన ఊళ్ళకు అన్వయిస్తే అయిదు వేల జనాభా ఉన్న గ్రామంలో ఇరవై మందికి తక్కువ కాకుండా ఉండాలి. మనకు తెలిసినవారు ఇద్దరో ముగ్గురో. మిగిలినవారు ఇళ్ళలోనే ఉన్నారు.

రెండు ప్రాచీన సాక్ష్యాలు

మన వైద్య వాఙ్మయంలో చరక సంహిత అపస్మారానికి, అంటే మూర్ఛకు, రెండుచోట్ల అధ్యాయాలు కేటాయించింది. ఒకటి నిదానస్థానంలో, ఒకటి చికిత్సాస్థానంలో. వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలుగా దానిని విభజించి, చికిత్స చెప్పి, చివర ఒక హెచ్చరిక చేసింది. ఈ రోగిని నీటి నుంచి, నిప్పు నుంచి, చెట్ల నుంచి, కొండల నుంచి, మెట్టపల్లాల నుంచి ఎల్లప్పుడూ కాపాడాలన్నది దాని సారాంశం. ఇంచుమించు రెండు వేల ఏళ్ళనాటి మాట అది. నేటి నాడీవైద్యుడు రోగి బంధువులకు చెప్పే జాగ్రత్తలు దాదాపు ఇవే. ఆ గ్రంథకర్త ప్రమాదం ఉన్న చోట్ల పేర్లు చెప్పాడు. ఆ హెచ్చరికలో మనిషిని గదిలో పెట్టమన్న మాట లేదు.

రెండో సాక్ష్యం గ్రీకు దేశానిది. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో హిపోక్రటీస్ సంప్రదాయానికి చెందిన ఒక వైద్యుడు, ఆనాడు ‘పవిత్ర వ్యాధి’ అని పిలిచిన మూర్ఛ మీద ఒక గ్రంథం రాశాడు. తక్కిన రోగాలకు లేని దైవత్వం దీనికి ఏమీ లేదనీ, ఇది మెదడులో పుట్టే జబ్బనీ నిర్ధారించాడు. స్నానం మాన్పించి, ఆహార నిషేధాలు పెట్టి, మంత్రాలు వేసే వారిని తీవ్రంగా విమర్శించాడు. రోగం నయమైతే ఘనత తమదనీ, నయం కాకపోతే దేవతలదే తప్పనీ చెప్పుకోవడానికే ఆ నిషేధాలు పనికివస్తాయన్నాడు. అదే గ్రంథంలో నన్ను ఎంతగానో కదిలించిన ఒక పరిశీలన ఉంది. ఫిట్ రాబోతోందని ముందే తెలిసిన పెద్దలు జనం నుంచి దూరంగా పరుగెత్తుతారట. ఇల్లు దగ్గరైతే ఇంటికి, లేకపోతే తాము పడటం ఎవరూ చూడని నిర్జన స్థలానికి వెళ్ళి ముఖం కప్పుకుంటారట. దానికి కారణం దైవభయం కాదు, సిగ్గు అంటాడు ఆయన. చిన్నపిల్లలైతే తల్లి దగ్గరికి పరుగెత్తుతారు; సిగ్గు వాళ్ళకు ఇంకా అలవాటు కాలేదు.

ఈ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చరిత్ర అంతా అందులోనే ఉంది. ఎక్కడ జాగ్రత్త పడాలో వైద్యానికి ఆనాడే తెలుసు. ఎవరిని చూసి సిగ్గుపడాలో సమాజం ఆనాడే నేర్పింది. తరువాతి శతాబ్దాల్లో రెండోది మొదటిదానిని మింగివేసింది.

శ్రమకు అనుమతి, ఆటకు నిషేధం

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో మూర్ఛ ఉన్నవారి కోసం ప్రత్యేక నివాసాలు వెలిశాయి. జర్మనీలో బీలెఫెల్డ్ దగ్గర బెతెల్ సంస్థ 1867లో మొదలైంది. ఇంగ్లండులో చాల్‌ఫాంట్ కాలనీ 1894లో ఏర్పడింది. పిచ్చాసుపత్రుల నుంచీ అనాథ శరణాలయాల నుంచీ వీరిని తప్పించాలన్న మంచి తలంపే వాటి వెనుక ఉంది. అక్కడి రోగులు ఆరుబయట వ్యవసాయం చేశారు, తోటలు పెంచారు, పశువులను కాశారు. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి వ్యాయామం హానికరమని ఆ కాలనీలు నడిపినవారు ఎన్నడూ అనుకోలేదు. అయినా ఆ శ్రమ అంతా ఊరికి దూరంగా, ప్రహరీ లోపలే సాగింది. దేహం కదలడానికి అడ్డు లేదు. సమాజంలో కలవడానికే అడ్డు.

ఆ అడ్డు చట్టంగా కూడా మారింది. జర్మనీలో నాజీ ప్రభుత్వం 1933లో తెచ్చిన బలవంతపు సంతాన నిరోధ చట్టం వంశపారంపర్య మూర్ఛను తన జాబితాలో చేర్చింది. బ్రిటన్‌లో మూర్ఛ కారణంగా వివాహాన్ని రద్దు చేయడానికి వీలిచ్చిన చట్టం 1971 దాకా మారలేదు. మన దేశంలో 1955 నాటి హిందూ వివాహ చట్టం 1976 సవరణతో పదేపదే వచ్చే మూర్ఛను ఉన్మాదంతో కలిపి ఒకే వాక్యంలో వివాహానికి అడ్డంకిగా పేర్కొంది. ఆ మాటను పార్లమెంటు 1999లో తొలగించింది. అంటే ఈ సభలో నలభై ఏళ్ళు దాటినవారిలో చాలామంది మూర్ఛ ఉన్న స్త్రీని చట్టమే పెళ్ళికి పనికిరాదన్న కాలంలో పెరిగినవారే. చట్టం మారినంత తొందరగా పెరిగిన తీరు మారదు.

ఇదే కాలంలో వైద్యం తన వంతు పని తాను చేసుకుంటూ పోయింది. 1857లో బ్రోమైడు, 1912లో ఫెనోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వచ్చాయి. హాన్స్ బెర్గర్ 1929లో మానవ మెదడు విద్యుత్ తరంగాల నమోదును ప్రచురించాడు. రోగాన్ని చూసే కన్ను, ఆపే మందు రెండూ చేతికి వచ్చాయి. అయినా ఆట విషయంలో పాత భయం వైద్యుల సంఘాలనూ వదల్లేదు. మూర్ఛ ఉన్నవారు ఒకరినొకరు తాకే ఆటలు ఆడకూడదని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1968లో సలహా ఇచ్చింది. ఆధారాలను తిరిగి పరిశీలించి 1974లో ఆ వైఖరిని సడలించింది. ఫిట్స్ అదుపులో ఉన్నవారికి ఆట వల్ల కలిగే మేలు, రాగల ప్రమాదం కంటే ఎక్కువని అప్పటి నుంచీ అభిప్రాయం బలపడుతూ వచ్చింది.

2016లో అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం నిపుణుల బృందం ఆటలను మూడు వర్గాలుగా విభజించింది. అదనపు ప్రమాదం చెప్పుకోదగినంతగా లేని మొదటి వర్గంలో పరుగు, నాట్యం, క్రికెట్, వాలీబాల్, ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్, కుస్తీ కూడా ఉన్నాయి. ఆడేవారికి కొంత ప్రమాదం ఉండి, చూసేవారికి లేని రెండో వర్గంలో ఈత, సైకిల్, గుర్రపు స్వారీ, బరువులెత్తడం వంటివి ఉన్నాయి. పర్వతారోహణ, నీటి అడుగుకు దిగడం, విమానయానం, మోటారు పందేలు పెద్ద ప్రమాదం ఉన్న మూడో వర్గం. ఫిట్స్ ఎంత తరచుగా వస్తాయి, ఏ తీరున వస్తాయి, చివరిసారి ఎప్పుడు వచ్చాయి అన్నవి చూసి వైద్యుడూ రోగీ కలిసి నిర్ణయించుకోవాలన్నది వారి సూచన. మరొకసారి గమనించండి. చరకుడు చెప్పిన నీరు, ఎత్తు ఇక్కడ మళ్ళీ కనబడతాయి. కబడ్డీ బరి, వాలీబాల్ కోర్టు, నడక దారి ఆనాటి జాబితాలోనూ లేవు, ఈనాటి నిషేధంలోనూ లేవు.

శరీరంలో జరిగేది ఏమిటి

పరుగెత్తితే ఊపిరి ఎగశ్వాస అవుతుంది, ఎగశ్వాసతో ఫిట్ వస్తుంది అన్నది తరచు వినిపించే వాదన. ఇందులో సగం నిజం ఉంది. పరీక్షా గదిలో కదలకుండా కూర్చున్న రోగి చేత గబగబా ఊపిరి పీల్పిస్తే కొన్ని రకాల ఫిట్స్ బయటపడతాయి. అప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు పడిపోయి మెదడు రక్తనాళాలు కుంచించుకుపోతాయి. పరుగులో జరిగేది వేరు. కండరాలు పనిచేసి ఎక్కువ వాయువును పుట్టిస్తాయి. దానిని బయటికి పంపడానికే ఊపిరి వేగమవుతుంది. సమతుల్యం చెడదు. వ్యాయామం చేస్తున్నప్పుడు తీసిన మెదడు తరంగ చిత్రాల్లో చాలామందిలో అసాధారణ తరంగాలు తగ్గడమో యథాతథంగా ఉండడమో కనబడింది. కూర్చుని వేగంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక వంటి ప్రాణాయామాలను మాత్రం మూర్ఛ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా చేయకూడదు. తక్కిన ఆసనాలూ నడకా వారికి మేలే. యోగాతోనే మూర్ఛ తగ్గుతుందని చెప్పడానికి మాత్రం తగినన్ని ఆధారాలు ఇంకా లేవు. యోగా మొదలుపెట్టి మందు ఆపడం ప్రాణాంతకం కావచ్చు.

నార్వేలో నాకెన్ అనే వైద్యుడు 204 మంది రోగులను విచారించి 1999లో ఫలితాలు ప్రచురించాడు. వ్యాయామం తమకు ఫిట్స్ తెప్పిస్తుందన్నవారు పదిమందిలో ఒకరు. క్రమం తప్పని వ్యాయామంతో తమ ఫిట్స్ అదుపు మెరుగైందన్నవారు మూడోవంతుకు పైగా. అదే దేశంలో 1994లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న 15 మంది స్త్రీలకు 15 వారాలు వ్యాయామం చేయించినప్పుడు ఆ కాలంలో ఫిట్స్ తగ్గాయి. ఇవి చిన్న అధ్యయనాలు, వీటిని మందుకు ప్రత్యామ్నాయంగా చూపకూడదు. వ్యాయామం అందరికీ ఫిట్స్ తగ్గిస్తుందని నేను హామీ ఇవ్వను. కొద్దిమందికి నిజంగానే శ్రమ ఫిట్‌ను రేపుతుంది, వారిని గుర్తించాలి. మిగిలిన పెద్ద సంఖ్యకు శ్రమ శత్రువు కాదన్నది మాత్రం స్థిరపడిన విషయం.

పైగా వీరికి వ్యాయామం అవసరం ఇతరులకంటే ఎక్కువ. వాల్‌ప్రోయేట్ బరువు పెంచుతుంది. ఫెనిటాయిన్, కార్బమజపైన్, ఫెనోబార్బిటాల్ ఏళ్ళ తరబడి వాడితే ఎముకల సత్తువ తగ్గుతుంది. దిగులు, ఆందోళన వీరిలో ఎక్కువ. ఈ మూడింటికీ నడక, పరుగు, ఎండపొద్దు మేలు చేస్తాయి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలకు రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ లెక్కలోంచి మూర్ఛ ఉన్నవారిని మినహాయించలేదు.

అలవాట్లూ అభిప్రాయాలూ

మేలు ఇంత స్పష్టంగా ఉన్నా, వీరు తక్కువ కదులుతారన్నది అన్ని దేశాల అనుభవం. కెనడాలో 2006లో మూర్ఛ ఉన్న కౌమారులను, అదే ఇంట్లో పెరిగిన వారి తోబుట్టువులతో పోల్చి చూశారు. ఒకే తిండి, ఒకే ఇల్లు. అయినా మూర్ఛ ఉన్నవారు ఆటల్లో తక్కువ పాల్గొన్నారు, ఎక్కువ బరువు పెరిగారు. బ్రెజిల్‌లో రికార్డో అరీడా బృందం ఏళ్ళ తరబడి చేసిన పరిశీలనల్లోనూ రోగులను ఆపుతున్నది ప్రధానంగా భయం, సరైన సలహా లేకపోవడమేనని తేలింది.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా లోతుగా ఉంది. ఫిట్స్ ఉన్న కొడుకు గురించి తండ్రి దవాఖానలో చెప్పే మాట ఇది: “సారూ, వాణ్ణి ఆటలకు పంపుతలేము. చెలకల పనికి మాత్రం వస్తడు.” ఈ మాట ఈ ప్రాంతంలో పనిచేసిన ప్రతి వైద్యుడూ విన్నదే. పత్తి ఏరడం, మక్క విరవడం, పసుపు తవ్వడం, ఎండలో తునికాకు తెంపడం వ్యాయామం కాదా? కబడ్డీ కంటే అది తక్కువ శ్రమా? ఆ పనిలో ఒడ్డు లేని వ్యవసాయ బావి ఉంది, కరెంటు మోటారు ఉంది, వేసవి ఎండ ఉంది. అక్కడ పంపడానికి భయం లేదు, ఎందుకంటే అక్కడ చూసేవారు లేరు. బడి మైదానంలో ఊరంతా చూస్తుంది.

ఆడపిల్ల విషయంలో ఈ లెక్క మరింత కఠినం. ఫిట్స్ వచ్చాయని బడి మానిపించిన అమ్మాయి నిర్మల్, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంటుంది. ఇంట్లో పొయ్యి ముందు ఒంటరిగా వంట చేస్తుంది. వాకిట్లో ఆడితే పెళ్ళి సంబంధాలు రావన్న భయంతో ఆమెను నిప్పు దగ్గర ఒంటరిగా వదిలాం. కాలిన గాయాలతో వచ్చే మూర్ఛ రోగులను చూసిన ఏ వైద్యుడికైనా ఈ అన్యాయం అర్థమవుతుంది. ప్రమాదం లేనిచోట నిషేధించి, ప్రమాదం ఉన్నచోట వదిలివేసినప్పుడు, ఆ నిషేధం ఆమె ప్రాణం కోసం కాదని ఒప్పుకోవాలి.

నిజంగా కాపు కాయవలసినవి

అయితే భయం అంతా వట్టిదని నేను అనను. మూర్ఛ ఉన్నవారు నీటిలో మునిగి చనిపోయే ప్రమాదం ఇతరులకంటే 15 నుంచి 19 రెట్లు ఎక్కువని అంతర్జాతీయ అధ్యయనాలను కూర్చిన విశ్లేషణ తేల్చింది. మన చుట్టూ ఉన్నది నీళ్ళే. గోదావరి ఉంది, కడెం జలాశయం ఉంది, నూటముప్పై ఏళ్ళ సదర్‌మాట్ ఆనకట్ట కాలువ ఉంది, ప్రతి చెలకలో బావి ఉంది. ఈత నేర్చినా నేర్వకపోయినా, ఫిట్స్ అదుపులో లేనివారు ఒంటరిగా నీటిలో దిగకూడదు. ఈత వచ్చిన మనిషి పక్కన చేతికందే దూరంలో ఉండాలి. చెట్టెక్కడం, తాళ్ళు గీయడం, కరెంటు స్తంభం ఎక్కడం వద్దు. వాహనం నడిపే లైసెన్సు దరఖాస్తులోనే మూర్ఛ ఉందా అన్న ప్రశ్న ఉంది. అక్కడ ఎదుటివారి ప్రాణం కూడా లెక్కలో ఉంటుంది కనుక ఆ నిబంధన న్యాయమైనదే. సైకిల్ తొక్కేవారు పెద్దరోడ్డు వదిలి ఊరి దారుల్లో తొక్కాలి.

టోపిరమేట్, జోనిసమైడ్ వాడే కొందరికి చెమట సరిగా పట్టదు. మే నెలలో ఈ జిల్లాల ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. వారు పొద్దున, సాయంత్రం మాత్రమే ఆడాలి, నీళ్ళు తాగుతూ ఉండాలి. వీటన్నిటికంటే ఎక్కువమందికి ఫిట్ తెప్పించేవి మాత్రం మరో మూడు: మందు మరచిపోవడం, నిద్ర మానడం, కల్లు లేదా సారా తాగడం.

మన పండుగలను ఈ వెలుగులో చూడండి. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ గంటసేపు తిరగడం చక్కని వ్యాయామం. ఫిట్స్ ఉన్న అమ్మాయిని ఆ వలయంలోకి నిస్సంకోచంగా రానివ్వాలి. చెరువు మెట్లు దిగే వేళ మాత్రం ఒక అక్క ఆమె చెయ్యి పట్టుకోవాలి. దీపావళి వేళ రాజ్‌గోండుల దండారి ఉత్సవంలో గుస్సాడి అడుగు వేసే యువకుడికి నాట్యం వల్ల ప్రమాదం లేదు. వరుస రాత్రుల జాగరణ వల్ల ఉంది. అతను పగలు ఆడి, రాత్రి మందు వేసుకుని నిద్రపోవడానికి పెద్దలు వీలు కల్పించాలి. గోదావరి జలం కోసం నాగోబా భక్తులైన మెస్రం వంశీయులు కాలినడకన సాగే నేల ఇది. నడక ఇక్కడివారికి కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. నడిచే గుంపులో ఒక మనిషికి చోటు ఇవ్వడమే కావలసింది.

బడి బాధ్యత

ఇంగ్లండు క్రికెట్ కెప్టెన్‌గా 1976–77లో మన దేశానికి వచ్చి మనల్ని 3–1తో ఓడించిన టోనీ గ్రెగ్‌కు మూర్ఛ ఉండేది. 1992 ప్రపంచకప్‌లో గాలిలోకి దూకి వికెట్లు పడగొట్టిన జాంటీ రోడ్స్‌కు మూర్ఛ ఉంది. ఆ సంగతి ఆయనే బహిరంగంగా చెప్పి, ఇతరులకు ధైర్యం ఇచ్చాడు. 400 మీటర్ల హర్డిల్స్‌లో 2011లో ప్రపంచ విజేత అయిన డై గ్రీన్‌దీ అదే కథ. వీరి ప్రతిభ అసాధారణం. వారికి దొరికిన అవకాశం మాత్రం ఏ బడిలోనైనా ఇవ్వగలిగినదే. ఎక్కడో ఒక ఉపాధ్యాయుడు వారిని జట్టులోంచి తీసివేయకుండా ఉండి ఉంటాడు.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులకు తెలియవలసినది ఎక్కువేమీ కాదు. ఫిట్ వచ్చిన పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. చుట్టూ ఉన్న రాళ్ళు, బల్లలు తొలగించండి. చేతిలో తాళంచెవులు పెట్టవద్దు, ఉల్లిగడ్డ వాసన చూపవద్దు, నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టవద్దు, కాళ్ళు చేతులు అదిమి పట్టవద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ ఫిట్ వచ్చినా, నీటిలో ఉండగా వచ్చినా, పడి దెబ్బ తగిలినా 108కు ఫోన్ చేయండి. తెలివి వచ్చేదాకా పక్కన ఉండండి. తరువాత ముఖ్యమైన పని ఒకటి మిగిలి ఉంటుంది. ఏమి జరిగిందో తోటి పిల్లలకు రెండు మాటల్లో చెప్పాలి. పిల్లవాడు కోలుకుని, వైద్యుడి సలహా తీసుకున్నాక తిరిగి జట్టులోకి పిలవాలి. ఇంటికి పంపి, మళ్ళీ రావద్దంటే ఫిట్ కంటే పెద్ద గాయం చేసినట్టే.

ప్రభుత్వం చేయవలసినదీ ఉంది. జాతీయ అత్యవసర మందుల జాబితాలో మూర్ఛ మందులు ఉన్నాయి. అవి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలంతా తెగకుండా దొరకాలి. పెంబి మండలంలోని అడవి పల్లె నుంచి మందు కోసం నిర్మల్‌కో ఆదిలాబాద్‌కో పోవలసి వస్తే, ఆ ప్రయాణం చేయలేని రోజున మందు ఆగుతుంది, ఫిట్ వస్తుంది, నింద మాత్రం ఆట మీద పడుతుంది. మూర్ఛ, ఇతర నాడీ వ్యాధుల కోసం 2022 నుంచి 2031 దాకా అమలయ్యే ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది. ఆ ప్రణాళిక ఖానాపూర్ దాకా రావాలంటే ఆశా కార్యకర్త చేతి పుస్తకంలో బీపీ, షుగర్ పక్కన ఫిట్స్ అన్న గడి కూడా ఉండాలి.

సభికులారా, నా విన్నపం మూడు వర్గాలకు. తల్లిదండ్రులారా, మీ బిడ్డకు మందు వేళకు ఇవ్వండి, రాత్రి నిద్ర పోనివ్వండి, నీటి దగ్గర, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి, ఆటకు మాత్రం పంపండి. ఉపాధ్యాయులారా, మీ బడిలో ఫిట్స్ ఉన్న పిల్లలు ఎవరో తెలుసుకోండి, వారిని గట్టు మీద నుంచి దించి జట్టులో చేర్చండి. మూర్ఛ ఉన్న మిత్రులారా, మీ వైద్యుడిని ఈసారి మందుల చీటీతో పాటు మరొక ప్రశ్న కూడా అడగండి: “నేను ఏ ఆట ఆడవచ్చు?” ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం వైద్యుల బాధ్యత. ఆ జవాబు విని దారి ఇవ్వడం మనందరి బాధ్యత.